డెంగీకి పొగ బండి అడగడం మానేద్దాం

జులై దాటిందంటే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. "మా లైన్లోకి ఫాగింగ్ బండి రాలేదు", "పక్క కాలనీకి వచ్చి వెళ్ళిందట, మనకే ఎందుకు రాదు?", "కార్పొరేటర్ గారికి ఎవరైనా గట్టిగా చెప్పండి". ఈసారి మా బ్లాకులోనే ఒక పాపకు డెంగీ పాజిటివ్ రావడంతో టెన్షన్ ఇంకా పెరిగింది. ఫోన్లు వెళ్ళాయి, బండి వచ్చింది. సందంతా తెల్లగా పొగ కమ్ముకుంది. పిల్లలు కేకలేస్తూ దాని వెనక పరిగెత్తారు. పెద్దవాళ్ళు గబగబా తలుపులూ కిటికీలూ వేసుకున్నారు. ఎవరో వీడియో తీసి గ్రూపులో పెట్టి అందరి తరఫునా థాంక్స్ చెప్పారు. వారం తిరక్కుండా అదే బ్లాకులో ఇంకొందరికి జ్వరాలు. పొగ పెట్టాక కూడా వచ్చాయి కాబట్టి పొగ పనిచేయలేదని నేను అనను. దోమ కుట్టిన నాలుగు నుంచి పది రోజులకు గానీ జ్వరం రాదు, వాళ్ళను అంతకు ముందే కుట్టి ఉండవచ్చు. కానీ ఆ వీడియో కింద వచ్చిన చేతులు జోడించిన బొమ్మలన్నీ చూశాక ఈ విషయం వివరంగా రాయాలనిపించింది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మనం ఫాగింగ్ అడిగినంత కాలం, ఫాగింగ్ చేసి చేతులు దులుపుకునే అవకాశం మనమే ఇస్తున్నాం. హైదరాబాద్ లాంటి నగరంలో డెంగీ నీళ్ళతో ముడిపడిన సమస్య. మళ్ళీ ఎప్పుడొస్తాయో తెలియక దాచుకునే నీళ్ళు, పెట్టి మరిచిపోయిన నీళ్ళు, కడుతున్న భవనాల మీద రోజుల తరబడి నిలబెట్టే నీళ్ళు. ప్రజలుగా మనం నిలదీయాల్సింది వీటి గురించే.

కనిపించే దోమ, కనిపించని దోమ

దోమలు ఎక్కువయ్యాయని మనం చేసే ఫిర్యాదుల్లో చాలా వరకు క్యూలెక్స్ దోమ గురించి. దీపాలు పెట్టే వేళకు గుంపులుగా లోపలికి వచ్చి, రాత్రంతా చెవి దగ్గర రొద పెట్టేది అదే. మురుగునీళ్ళలో పెరుగుతుంది. మూసీ ఒడ్డున, గుర్రపుడెక్క పట్టిన చెరువుల పక్కన ఉండేవాళ్ళ బాధ నిజమైన బాధే. బోదకాలు వ్యాపింపజేసేది కూడా ఆ దోమే కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోమని అనడం లేదు. కానీ అది డెంగీని మోయదు.

డెంగీని మోసే ఏడిస్ ఈజిప్టై తీరే వేరు. నల్లటి ఒంటి మీదా కాళ్ళ మీదా తెల్లటి చారలుంటాయి. గుంపుగా రాదు, పెద్దగా చప్పుడు చేయదు. పొద్దున్నే పిల్లలు స్కూలుకు తయారయ్యే వేళ, మళ్ళీ పొద్దు గుంకే ముందు, బల్ల కిందా కుర్చీ కిందా చేరి కాళ్ళ దగ్గర కుడుతుంది. కాస్త కదిలిస్తే లేచి ఇంకొకరిని కుడుతుంది. ఒకే ఇంట్లో వరసగా ముగ్గురు మంచాన పడటానికి ఇదొక కారణం. ఎక్కువ దూరం ఎగరదు కూడా. మామూలుగా అది పుట్టిన చోటు నుంచి కొన్ని వందల మీటర్ల లోపే దాని బతుకంతా గడిచిపోతుంది. అంటే మనల్ని కుట్టిన ఏడిస్ మూసీ నుంచి వచ్చిందయ్యే అవకాశం చాలా తక్కువ. మన ఇంట్లోనో, పక్కింట్లోనో, వెనక సందులోనో పుట్టి ఉంటుంది.

రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడని మన పిల్లలంతా చదువుతారు. బేగంపేటలో ఆయన పేరుతో ఉన్న భవనం ముందు నుంచి రోజూ వేలమంది వెళ్తుంటారు. అంతకు ముందు సుమారు రెండేళ్ళు ఆయనకు ఏమీ దొరకలేదన్న సంగతి మాత్రం పెద్దగా చెప్పుకోం. కారణం, ఆయన అప్పటిదాకా కోసి చూసిన దోమల్లో ఎక్కువ భాగం క్యూలెక్స్, ఏడిస్ రకాలే. రెక్కల మీద మచ్చలున్న అనాఫిలిస్ చేతికి వచ్చాకే విషయం తేలింది. అంత పట్టుదల గల మనిషి కూడా వేరే దోమ వెంట పడినంత కాలం ఫలితం రాలేదు. ఇప్పుడు మనం చేస్తున్నదీ దాదాపు అదే. డెంగీ వచ్చిందని మురుగుకాలువ మీద పొగ పెట్టిస్తున్నాం.

పొగ ఏం చేస్తుంది?

ఫాగింగ్ బండి నుంచి వచ్చేది డీజిల్లో కలిపిన పురుగుమందు పొగ. ఆ క్షణాన గాలిలో ఎగురుతూ, మందు తగిలిన దోమ మాత్రమే చస్తుంది. నీళ్ళలో ఉన్న లార్వాకు, అంటే దోమ పిల్లపురుగుకు, డ్రమ్ము గోడకు అంటుకున్న గుడ్డుకు ఏమీ కాదు. మర్నాడు పొద్దున్నే కొత్త దోమలు రెక్కలు ఆరబెట్టుకుంటాయి. పైగా ఏడిస్ విశ్రాంతి తీసుకునేది ఇంట్లోనే. బీరువా వెనక, వేలాడే బట్టల మధ్య, మంచం కింద. మనమేమో పొగ చూడగానే కిటికీలు మూసేస్తాం. పసిపిల్లలూ ఉబ్బసం ఉన్నవాళ్ళూ ఇంట్లో ఉంటే మూయక ఏం చేస్తాం, ఆ తల్లులను తప్పు పట్టలేం. ఫలితం మాత్రం ఒకటే. డెంగీ దోమ లోపల, పొగ బయట.

దీనికి ఎదురు వాదన ఉంది, అది బలమైనదే. ఒక వీధిలో కేసులు ఒక్కసారిగా పెరిగినప్పుడు, అప్పటికే వైరస్ ఎక్కించుకున్న ఆడదోమలను వెంటనే చంపాలి. దానికి మందు చల్లడం తప్ప వేరే దారి లేదు. నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అలాంటి అత్యవసర సమయాలకే దాన్ని పరిమితం చేయమంటుంది. అప్పుడు కూడా రోగి ఇంట్లో, చుట్టుపక్కల ఇళ్ళలో గదుల లోపల చల్లితేనే ఎక్కువ ప్రయోజనం. నేను వద్దంటున్నది నెలకోసారి వీధి చివరి నుంచి చివరికి తిరిగి వెళ్ళిపోయే బండిని. అది కళ్ళకు కనిపిస్తుంది, చెవులకు వినిపిస్తుంది, ఫొటోలో బాగా పడుతుంది. లార్వా వెతకడం ఫొటోలో పడదు. ఓట్లు అడిగేవాళ్ళకు ఏది నచ్చుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఏది నచ్చాలో నిర్ణయించేది మాత్రం మన ఫిర్యాదులే.

మనీ ప్లాంట్ సీసాలో

మందు కొట్టేవాళ్ళు కాక, మున్సిపాలిటీ వాళ్ళు ఇంటింటికీ పంపే ఇంకో రకం సిబ్బంది ఉన్నారు. చేతిలో టార్చిలైటు, ఒక గరిట లాంటి గిన్నె, సంచిలో లార్వా మందు సీసా. మా అపార్ట్‌మెంట్‌కు అలా వచ్చిన కుర్రాణ్ణి వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేశాడు. "ఓనర్లు లేరు, మళ్ళీ రా" అంటున్నాడు. నేను అప్పుడే కూరగాయలు కొనుక్కుని వస్తూ విని, లోపలికి తీసుకొచ్చి అతని వెంట తిరిగాను.

సంపు మూత బాగానే ఉంది. పైన ట్యాంకూ ఫరవాలేదు. గోడ పక్కన, ఎవరూ వాడక వదిలేసిన పాత రోట్లో వాననీళ్ళున్నాయి. మూడో అంతస్తు మెట్ల మలుపులో, అందంగా ఉంటుందని ఎవరో పెట్టిన మనీ ప్లాంట్ సీసా ఉంది. అతను టార్చి వేయగానే పైకి తేలి ఉన్న సన్నటి పురుగులు ఒక్కసారిగా మెలికలు తిరుగుతూ అడుగుకు దిగిపోయాయి. కాసేపు వెలుతురు తీసేస్తే ఒక్కొక్కటే మళ్ళీ పైకి వచ్చి, తోక చివర నీటి అంచుకు ఆనించి తలకిందులుగా వేలాడాయి. గాలి పీల్చుకునేది అక్కణ్ణుంచే. నీళ్ళు చూస్తే తాగొచ్చనిపించేంత తేటగా ఉన్నాయి. ఆ సీసా పెట్టిన ఇంటావిడ నొచ్చుకుంది. "వారం వారం నీళ్ళు మారుస్తూనే ఉన్నాను కదా బాబూ" అంది.

"మారిస్తే సరిపోదమ్మా, లోపల రుద్దాలె" అన్నాడతను. సీసా మెడ దగ్గర, నీటి గీతకు కొంచెం పైన, గాజుకు అంటుకున్న నల్లటి చుక్కలను చూపించాడు. ఆవగింజ కంటే చాలా చిన్నవి. చూపించకపోతే మకిలి అనుకుంటాం. ఏడిస్ నీళ్ళలో కాకుండా నీటి అంచున తడి గోడకు గుడ్లు పెడుతుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్ళీ నీళ్ళు తగిలితే పొదుగుతాయి. తొలకరి వాన పడిన పది పన్నెండు రోజులకే దోమ ఎక్కడి నుంచి ఊడిపడిందా అని మనం ఆశ్చర్యపోతాం గానీ, అది నిరుటి నుంచి రోట్లోనో, కూలర్ తొట్టిలోనో గోడకు అంటుకుని కాచుకునే ఉంది. అందుకే పారబోయడంతో పాటు కొబ్బరిపీచుతో అంచులు తోమడం ముఖ్యం. దీన్ని ఏ ఫాగింగ్ బండీ చేయలేదు.

వెళ్ళేటప్పుడు అతనన్న మాట ఇంకా బాధ పెట్టింది. "సగం టైం గేట్ల కాడనే పోతది మేడం. బస్తీలల్ల అయితే లోపలికి రానిస్తరు, ఈడనే రానియ్యరు."

పారబోయమంటే సరిపోతుందా

మన ఇంట్లో పుట్టిన దోమకు మనమే బాధ్యులమని ఇక్కడితో ఆపేస్తే, చాలా ప్రభుత్వ ప్రకటనల్లాగే ఇదీ సగం మాటే అవుతుంది. శుక్రవారం డ్రై డే, అంటే నీళ్ళ పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే రోజు అంటారు. 2020లో తెలంగాణలో ఆదివారం పదింటికి పది నిమిషాలు ఇంట్లో నిలవ నీళ్ళు తీసేయమన్నారు. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో దోమలపై దండయాత్ర అన్నారు. వీటిలో తప్పేమీ లేదు. గుడ్డు నుంచి దోమ కావడానికి మన వేడిలో సుమారు ఏడు నుంచి పది రోజులు పడుతుంది కాబట్టి, వారానికోసారి అన్నది లెక్క ప్రకారం సరైన మాట. కానీ ఆ పిలుపు ఇచ్చేవాళ్ళు ఎవరి ఇంటిని మనసులో పెట్టుకుని ఇస్తున్నారు?

మా ఫ్లోర్లో పనికి వచ్చే ఆమె పక్క బస్తీలో ఉంటుంది. డ్రమ్ములు ఖాళీ చేసి ఎండబెట్టమని కరపత్రం ఇచ్చారట. "ఎట్ల పారబోస్తమమ్మా? మళ్ల నల్లా ఎల్లుండి గద. అది గూడ వస్తదో రాదో" అంది. వాళ్ళింట్లో రెండు పెద్ద నీలం డ్రమ్ములు, వాటి చుట్టూ బిందెలు. నల్లా వచ్చిన రోజు ఉన్న నీళ్ళ మీదే కొత్త నీళ్ళు పడతారు. అడుగున మిగిలింది ఎన్నటికీ ఖాళీ కాదు. కృష్ణా నీళ్ళూ గోదావరి నీళ్ళూ అంత దూరం నుంచి పైపుల్లో తెచ్చుకున్న నగరంలో, రోజు విడిచి రోజు వదిలే నీళ్ళను ప్రతి పేద ఇల్లూ డ్రమ్ముల్లో నిలవ చేసుకోక తప్పడం లేదు. ఏడిస్‌కు అంతకంటే అనువైన చోటు ఇంకొకటి లేదు. ఆ డ్రమ్ము అజ్ఞానం వల్ల అక్కడ లేదు. నల్లా మీద నమ్మకం లేక ఉంది.

ఇది నా ఊహ కాదు. వియత్నాంలోని ఖాన్ హోవా ప్రాంతంలో జరిగిన పెద్ద అధ్యయనం 2011లో వచ్చింది. చదరపు కిలోమీటరుకు సుమారు 3,000 నుంచి 7,000 మంది ఉండి, కుళాయి నీళ్ళ సరఫరా సరిగా లేని చోట్ల డెంగీ ఎక్కువగా విజృంభించిందని అందులో తేలింది. కుళాయి బాగా వచ్చే చోట్ల జనం ఇంకా కిక్కిరిసి ఉన్నా అంత ప్రమాదం లేదు. నీళ్ళు రోజూ, చెప్పిన టైముకు వస్తే ఆ డ్రమ్ము అవసరమే ఉండదు. ఆ రోజు వచ్చేదాకా డ్రమ్ముకు బిగుతుగా పట్టే మూతో, తాడుతో కట్టిన గుడ్డో ఇప్పించవచ్చు. పారబోయలేని నీళ్ళలో లార్వా మందు వేయవచ్చు. తాగే నీళ్ళలో సైతం తగిన మోతాదులో వాడదగిన మందులు ఉన్నాయి.

"నీళ్ళు బాగా వచ్చే పెద్ద పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో డెంగీ రావడం లేదా?" అని మా గ్రూపులో ఒకాయన అడిగారు. సరైన ప్రశ్న. వస్తోంది. అక్కడ డ్రమ్ములుండవు గానీ నడవని ఫౌంటెన్, లిఫ్ట్ గుంత, బాల్కనీ కుండీల కింది పళ్ళేలు, నవంబరుదాకా దించని కూలర్ ఉంటాయి. అన్నిటికీ మించి పక్కనే కడుతున్న ఇంకో టవర్ ఉంటుంది.

స్లాబ్ మీద చెరువు

కొత్తగా వేసిన స్లాబును క్యూరింగ్ చేయడానికి, అంటే గట్టిపడేదాకా తడిగా ఉంచడానికి, చుట్టూ సిమెంటుతోనో మట్టితోనో చిన్న గట్లు కట్టి నీళ్ళు నిలబెడతారు. కనీసం వారం, చాలా చోట్ల రెండు వారాలు. ఏడిస్‌కు కావలసిన గడువు సరిగ్గా అంతే. తేటనీళ్ళు, పాదం మునగని లోతు, కప్పా చేపా లేని చోటు. కింద సెల్లార్ కోసం తవ్విన గుంతలో వాననీళ్ళు. మూలల్లో పెయింట్ డబ్బాలు. ఆ నీళ్ళ పక్కనే రేకుల షెడ్లలో పిల్లలతో సహా పడుకునే కూలీలను దోమ ముందు కుడుతుంది. పని అయిపోగానే వాళ్ళు ఇంకో సైటుకు వెళ్తారు, వాళ్ళ ఒంట్లోని వైరస్ కూడా వెళ్తుంది. హైదరాబాద్ పశ్చిమాన కొండాపూర్ నుంచి తెల్లాపూర్ దాకా ఎన్ని స్లాబులు ఏకకాలంలో తడుస్తున్నాయో తలచుకుంటే, కుండీల కింద పళ్ళేలు తీయమని గృహిణులకు చెప్పడం ఎంత అసంపూర్తిగా ఉందో అర్థమవుతుంది.

మార్గం లేకపోలేదు. తడి గోనెపట్టాలు కప్పి క్యూరింగ్ చేయవచ్చు. నిలబెట్టిన నీళ్ళే కావాలంటే వారం లోపు ఒకసారి తీసేసి, ఆరనిచ్చి మళ్ళీ నింపవచ్చు, లేదా మందు కలపవచ్చు. చేయించే అధికారం ఎవరో ఒకరి దగ్గర ఉండాలి, ఆ అధికారాన్ని వాడాలి. కర్ణాటక 2024లో డెంగీని అంటువ్యాధుల చట్టం కిందికి తెచ్చి, లార్వా దొరికితే ఇళ్ళకు తక్కువ, నిర్మాణ స్థలాలకు ఎక్కువ జరిమానా పెట్టింది. జరిమానాల మీద నాకు పూర్తి నమ్మకం లేదు. బస్తీలో డ్రమ్ముకు చలానా రాయడం తేలిక, టవర్ పైకి ఎక్కి స్లాబు చూడటం కష్టం. బిల్డర్‌కు వెయ్యీ రెండు వేలూ లెక్కే కాదు. పని ఆపించే నోటీసు ఇస్తేనే ఉపయోగం. ఒక్క రోజు పని ఆగితే ఎంత నష్టమో వాళ్ళకు బాగా తెలుసు.

ప్లేట్‌లెట్ల లెక్క

నిరుడు మా అక్క కొడుకు డెంగీతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఇంటిల్లిపాదీ పూటపూటకూ అడిగిన ప్రశ్న ఒకటే: కౌంట్ ఎంత? బొప్పాయి ఆకు రసం ఒకరు, మేకపాలు ఒకరు, కివీ పండ్లు ఒకరు తెచ్చారు. నిజంగా ప్రాణం మీదికి తెచ్చేది చాలా సార్లు ప్లేట్‌లెట్లు పడిపోవడం కంటే రక్తనాళాల నుంచి ద్రవం కారిపోవడం. అదీ జ్వరం తగ్గి, హమ్మయ్య అనుకునే రోజుల్లో. కడుపునొప్పి, ఆగని వాంతులు, మగతగా పడి ఉండటం, చిగుళ్ళ నుంచి రక్తం. ఇవి కనిపిస్తే కౌంట్ కోసం ఎదురు చూడకుండా డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. వాడు బాగయ్యాడు. డెంగీ వైరస్ నాలుగు రకాలు. రెండోసారి వేరే రకం సోకితే మొదటిసారి కంటే ప్రమాదం ఎక్కువ. ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళు ఇంటినిండా ఉన్న నగరంలో దోమను ఏటా ఇలాగే వదిలేయడం నాకు అందుకే భయం.

సింగపూర్ సంగతేమిటి?

నా వాదనలో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే విషయం ఇది. నేను చెప్పేదంతా సింగపూర్ ఎప్పుడో చేసింది. 1960ల చివర్లో చట్టం తెచ్చి, ఇంటింటికీ ఇన్‌స్పెక్టర్లను పంపి, జరిమానాలు వేసి, 24 గంటలూ కుళాయి నీళ్ళిచ్చి, ఏడిస్ దొరికే ఇళ్ళ శాతాన్ని రెండు మూడుకు దించింది. పదిహేనేళ్ళ దాకా డెంగీ అదుపులో ఉంది. తర్వాత మళ్ళీ పెరిగింది. 2020లో 35,000కు పైగా కేసులు వచ్చాయి. దోమలు తక్కువైన ఊళ్ళో పెరిగిన తరానికి రోగనిరోధక శక్తి ఉండదు, అందుకే కొద్ది దోమలే చాలినంత నష్టం చేస్తాయి. జనం ఇంట్లో కంటే ఆఫీసుల్లో, స్కూళ్ళలో కుట్టించుకోవడం కూడా ఒక కారణమంటారు. బ్రెజిల్ 1958లో ఏడిస్ ఈజిప్టై తమ దేశంలో లేదని ప్రకటించుకుంది, పట్టు సడలించాక అదీ తిరిగొచ్చింది.

అంటే లార్వా పని ఒకసారి చేసి ముగించేది కాదు, అదొక్కటే సరిపోతుందన్న హామీ కూడా లేదు. అందుకే సింగపూర్ 2016 నుంచి వొల్బాకియా అనే బ్యాక్టీరియా ఎక్కించిన మగదోమలను వదులుతోంది, వాటితో జతకట్టిన ఊరి ఆడదోమల గుడ్లు పొదగవు. ఈ బ్యాక్టీరియా ఉన్న దోమల్లో డెంగీ వైరస్ సరిగా పెరగదు కూడా. ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో వొల్బాకియా దోమలు వదిలిన ప్రాంతాల్లో డెంగీ 77 శాతం తగ్గిందని 2021లో ప్రచురించారు. మన పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కేంద్రం కూడా అలాంటి దోమలను తయారుచేసి పెట్టింది. దేశీయ టీకా మూడో దశ ప్రయోగాలు 2024లో మొదలయ్యాయి. ఇవి రావాలని నేను కోరుకుంటున్నాను. కానీ వొల్బాకియా దోమలు వదలాలన్నా ముందు ఊళ్ళో దోమల లెక్క తెలియాలి, ఇంటింటికీ వెళ్ళి జనాన్ని ఒప్పించే సిబ్బంది కావాలి. 1970ల్లో ఢిల్లీలో దోమల మీద జన్యు ప్రయోగాలు అనుమానాల మధ్య 1975లో ఆగిపోయిన చరిత్ర మనకుంది. గేటు దగ్గర వాచ్‌మన్ వెనక్కి పంపుతున్న ఆ కుర్రాడు లేకుండా ఏ కొత్త టెక్నాలజీ వచ్చినా మన ఇళ్ళలోకి రాదు.

మా వార్డు ఆఫీసుకు ఇవ్వడానికి ఒక అర్జీ రాశాను. అందులో ఫాగింగ్ అన్న మాట లేదు. వార్డులో ఈ నెల ఎన్ని ఇళ్ళు చూశారు, ఎన్నిట్లో లార్వా దొరికింది, ఏ రకం పాత్రల్లో దొరికింది అన్నది నెలనెలా బోర్డు మీద పెట్టమని అడిగాను. కడుతున్న ప్రతి భవనాన్నీ వారానికోసారి చూసి, ఆ తేదీ గేటు మీద రాయమన్నాను. బస్తీలో నల్లా టైము ముందే చెప్పి ఆ టైముకే వదలమని, అప్పటిదాకా డ్రమ్ములకు మూతలు ఇప్పించమని కోరాను. గ్రూపులో పెడితే కొందరు సంతకం చేస్తామన్నారు. "ముందు ఫాగింగ్ చేయించండి మేడం, ఇవన్నీ తర్వాత" అన్నవాళ్ళే ఎక్కువ. వాళ్ళ ఇళ్ళకు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి మాట్లాడుతున్నాను. సంతకాలు వచ్చినా రాకపోయినా సోమవారం అర్జీ ఇచ్చేస్తాను. ఆ కుర్రాడు మళ్ళీ వస్తే ఆపకుండా పైకి పంపమని వాచ్‌మన్‌కు ఇప్పటికే చెప్పాం.